ఉగ్గబట్టిన నూనె

కోదాడ దాటాక, హైవే పక్కన, అర్ధరాత్రి ఒక లారీ పక్కకి ఒరిగి నిలబడి ఉంది. నిండా బియ్యం బస్తాలు. వెనక టైరు పగిలింది. డ్రైవరు టార్చి పట్టుకున్నాడు. ఇంకా మీసం రాని క్లీనరు కుర్రాడు ఇరుసు కింద చెక్కదిమ్మ వేసి, దాని మీద చెంబంత జాకీని నిలబెట్టి, ఇనుప గొట్టం తగిలించి పైకీ కిందికీ ఆడిస్తున్నాడు.

"లేస్తోందారా?"

"లేస్తోందన్నా."

టీ బండి దగ్గర నిలబడ్డ నాకైతే ఏమీ లేస్తున్నట్టు కనపడలేదు. గొట్టం ఆడుతోంది, కుర్రాడు రొప్పుతున్నాడు, లారీ కొండలా ఉన్నచోటే ఉంది. నా గ్లాసు ఖాళీ అయ్యేసరికి, టైరుకీ నేలకీ మధ్య సన్నటి సందు పడి, అవతలి టార్చి వెలుగు గీతలా ఇవతలికి దూరి వచ్చింది. కొండ లేచింది.

ఆ కుర్రాడి జబ్బ నా మణికట్టు కంటే లావేమీ కాదు. ఆ జబ్బకీ ఆ ఇరుసుకీ మధ్య ఉన్నదల్లా దోసెడు నూనె. ఆ దోసెడు నూనెకి ఇది నా దండం.

షెడ్లలో నిన్ను నూనె అనరు, ఆయిల్ అంటారు. నూనె అంటే వంటింట్లోది, గానుగలోది, గుళ్లో దీపంలోది. నాకు మాత్రం నిన్ను నూనె అనే పిలవాలని ఉంది. దీపంలో నువ్వు వెలుగై ఖర్చయిపోతావు. ఇక్కడ ఖర్చు కావు. తొట్టిలోంచి బయల్దేరి వెళ్తావు, మోస్తావు, దించుతావు, తిరిగి తొట్టిలోకి వచ్చి చల్లబడతావు. మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్తావు.

నీకంటూ ఆకారం లేదు. చెంబులో చెంబువి, గొట్టంలో గొట్టానివి. వంపు తిరిగిన చోట వంపు తిరుగుతావు. ఇంత మెత్తనిదానివి, ఖాళీ లేకుండా నింపి మూత బిగించాక మాత్రం నలగవు. దూది నొక్కితే అణుగుతుంది. గాలి నొక్కితే ముడుచుకుంటుంది. నీ మీద చదరపు సెంటీమీటరుకి 100 కిలోలు మోపినా నువ్వు తగ్గేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. తప్పుకుందామంటే దారి లేదు, తగ్గుదామంటే నీ ఒంటికి తెలీదు. ఇక చేసేది ఒక్కటే, నీ మీద పడినదాన్ని పడినట్టు అవతలికి అందించడం.

అందించడంలో నీకు దిక్కుల తేడా లేదు. కర్రతో తోస్తే బలం కర్ర పొడుగునే పోతుంది. తాడు లాగినవైపే లాగుతుంది. చిన్నప్పుడు బస్టాండులో కొన్న నీళ్ల ప్యాకెట్టుకి పిన్నీసుతో అయిదారు చిల్లులు పొడిచి పిసికేవాళ్లం. నొక్కింది పైనుంచి. చిమ్మింది అన్ని వైపులా. కిందికి, పక్కలకి, నొక్కినవాడి మొహం మీదికి కూడా. ఏ చిల్లు దగ్గరిది, ఏది దూరానిది అని ఆ నీళ్లు చూడలేదు. లారీని లేపిన సూత్రం రూపాయి ప్యాకెట్టుగా మా చేతుల్లో ఉంది. నవ్వుకుని చొక్కాలు పిండుకుని ఇంటికి పోయాం.

దాన్ని చూసి ఇంటికి పోకుండా కూర్చుని ఆలోచించినవాడు బ్లేజ్ పాస్కల్. ఫ్రాన్సులో 1623లో పుట్టి, 39 ఏళ్లకే వెళ్లిపోయాడు. ద్రవాల సమతూకం గురించి ఆయన రాసిపెట్టుకున్న పుస్తకం పోయిన మరుసటి ఏడు, 1663లో, అచ్చయింది. అందులో ఒక పాత్ర ఉంది. నిండా నీళ్లు, అన్ని పక్కలా మూత, రెండే నోళ్లు. ఒక నోరు రెండోదానికి నూరు రెట్లు పెద్దది. రెండింటిలోనూ సరిగ్గా పట్టే పిస్టన్లు. మన బడి పుస్తకాల్లో వాటిని ముషలకాలన్నారు, మంచి మాట. చిన్నదాన్ని నొక్కే ఒక్క మనిషి, పెద్దదాన్ని నొక్కే నూరుమందికి సరితూగుతాడని పాస్కల్ లెక్క.

అక్కడితో ఆగి ఉంటే అది గారడీ అయ్యేది. ఆయన ఆగలేదు. చిన్నది ఒక అంగుళం దిగితే పెద్దది లేచేది అంగుళంలో నూరో వంతేనని కూడా చూపించాడు. పాస్కల్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ రెండో మాటే. మొదటిది విని మనిషి దేవుణ్ణయ్యాననుకుంటాడు. రెండోది విని ఇంజనీరవుతాడు.

ఆ రాత్రి కారులో కూర్చుని లెక్క వేసుకున్నాను. జాకీ లోపల నిన్ను తోసే చిన్న కడ్డీ అడ్డుకొలత 12 మిల్లీమీటర్లు, పైకి లేచే పెద్ద కడ్డీది 48 అనుకుందాం. అడ్డుకొలత నాలుగు రెట్లైతే వైశాల్యం 16 రెట్లు. బయట కుర్రాడి చేతిలోని గొట్టం మీట, అది ఇంకో 20 రెట్లు. 16ని 20తో హెచ్చవేస్తే 320. వాడు 20 కిలోల బలం పెడితే ఇరుసు కింద 6,400 కిలోలు, రాపిడి తినేది పోగా.

ఇక ఇచ్చినదానికి నువ్వు పుచ్చుకున్నది. వాడి చెయ్యి అర మీటరు దిగిన ప్రతిసారీ లారీ లేచింది మిల్లీమీటరున్నర. టైరు మార్చడానికి రెండు బెత్తెలు, అంటే 15 సెంటీమీటర్లు, లేపాలంటే 96 సార్లు నొక్కాలి. వాడి చెయ్యి 48 మీటర్లు నడిస్తే లారీ 15 సెంటీమీటర్లు నడిచింది. బలం 320 రెట్లు పెరిగింది, దూరం 320 రెట్లు తగ్గింది, రెండూ గుణిస్తే వచ్చే పని పిసరంత పెరగలేదు. తల్లీ, నువ్వు ఎవరికీ ఉచితంగా ఇవ్వవు. నిన్ను ఇంతగా నమ్మడానికి నాకున్న కారణం అదే.

జాకీ కడుపులో ఇంకో ఇద్దరు పనివాళ్లున్నారు. మిరియపు గింజల్లాంటి రెండు ఉక్కు గుండ్లు. గొట్టం పైకెత్తినప్పుడు మొదటి గుండు లేచి తొట్టిలోంచి నిన్ను లోపలికి రానిస్తుంది. కిందికి నొక్కగానే అది కూచుంటుంది, రెండోది లేచి నిన్ను పెద్ద కడ్డీ కిందికి పంపుతుంది. కుర్రాడు చెమట తుడుచుకోడానికి ఆగితే రెండో గుండు తన గుంటలో కూచుని దారి మూసేస్తుంది. అప్పుడు ఆ చక్రం మీద పడే బరువు మోసేది నువ్వు, నిన్ను ఆపి ఉంచేది మిరియపు గింజ. బరువు ఎంత ఎక్కువైతే ఆ గుండు అంత గట్టిగా బిగుసుకుంటుంది. దొంగ ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా పడే తలుపు అది.

ఆ ఉపాయానికి అక్కలాంటిది ఇంకొకటి ఉంది. పాస్కల్ పుస్తకం అచ్చయ్యాక 132 ఏళ్లకి, 1795లో, ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకి పేటెంటు తీసుకున్నాడు. బ్రామా పేరుమోసిన తాళాల పనివాడు. నీళ్లకి తాళం వెయ్యడం తాళాలవాడికి తట్టడం నాకెంతో సబబుగా ఉంటుంది. కానీ తాళం పడలేదు. కడ్డీ చుట్టూ వదులుగా కడితే నీళ్లు కారాయి. బిగించి కడితే కడ్డీ కదల్లేదు. చివరికి తోలుని గిన్నెలా మలిచి, గిన్నె నోరు నీళ్లవైపు పెట్టారు. నీళ్లే గిన్నెలో నిండి దాని అంచుల్ని కడ్డీకి ఒత్తుతాయి. ఒత్తిడి పెరిగితే పట్టు పెరుగుతుంది, ఒత్తిడి పోతే పట్టు సడలి కడ్డీ హాయిగా జారుతుంది. పారిపోవాలని చూసే బలమే కాపలా కాస్తుంది. ఈ ఆలోచన బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లేదని చెబుతారు.

ఆ తోలు గిన్నెని మనమంతా చూశాం. సైకిలు పంపు విప్పితే కడ్డీ చివర ఉండేది అదే. ఎండాకాలం ఎండిపోయి గాలి పట్టకపోతే సైకిలు షాపాయన కాస్త నూనె రాసి వేళ్లతో అంచులు విప్పి మళ్లీ ఎక్కించేవాడు. ఊళ్లో బోరింగు కొడుతుంటే నీళ్లు రాక గాలి మాత్రమే వస్తే, మెకానిక్ వచ్చి గొట్టాలన్నీ పైకి లాగి మార్చిపోయిన వాషర్లూ అవే. ఇప్పుడు వాటి చోటులో రబ్బరూ ప్లాస్టిక్కూ వచ్చాయి, షెడ్డులో పేరు ఆయిల్ సీలు అయింది. నీ సామ్రాజ్యమంతా అంగుళం వెడల్పు కూడా లేని ఆ ఉంగరం మీద ఆధారపడి ఉంది.

నీకంటే ముందు ఈ కొలువులో ఉన్నవి నీళ్లు. లండన్ వీధుల కింద గొట్టాల్లో ఒత్తిడి నిండిన నీళ్లని కరెంటులా అమ్మిన కంపెనీ 1883లో మొదలై 1977 దాకా బతికింది. రేవులో క్రేన్లు, మేడల్లో లిఫ్టులు వాటితో నడిచాయి. 1894లో తెరిచిన టవర్ బ్రిడ్జి రెక్కల్ని ఎనభై ఏళ్లపాటు లేపినవీ నీళ్లే. 1976లో ఆ పని నీ చేతికొచ్చింది. నీళ్లు ఇనుముకి తుప్పు పట్టిస్తాయి, చలికి గడ్డకడతాయి, రాసుకునే చోట జారనివ్వవు. నువ్వు మోస్తూనే కందెన వేస్తావు.

మన ఊళ్లకి నువ్వు జేసీబీ రూపంలో వచ్చావు. అది ఒక కంపెనీ పేరు, మనకి యంత్రం పేరే అదైపోయింది. చెరువు పూడిక తీస్తుంటే గట్టు మీద పిల్లలతో పాటు ముసలివాళ్లు కూడా నిలబడి చూస్తారు. నేనూ చూస్తాను, సిగ్గుపడను. ఆ పసుపు చెయ్యి మోచెయ్యి మడిచి, మణికట్టు తిప్పి, మట్టి తీసి టిప్పర్లో పోస్తుంటే అందులో కండల్లా మెరిసేవి సిలిండర్లు, నరాల్లా పాకేవి హోస్ పైపులు, లోపల పరుగెత్తేది నువ్వు.

అక్కడే నీ గురించి చాలామంది పొరబడతారు. ఒత్తిడిని పంపు పుట్టిస్తుందనుకుంటారు. పంపు చేసేది నిన్ను నడిపించడం ఒక్కటే, నిమిషానికి ఇన్ని లీటర్లని. ఒత్తిడి పుట్టించేది ఎదురుగా ఉన్న బరువు. బకెట్టు గాలిలో తిరుగుతున్నంతసేపు నీలో పెద్దగా ఒత్తిడి ఉండదు. మెత్తటి ఒండ్రులో దిగితే కాస్త లేస్తుంది. కింద రాయి తగిలిందా, క్షణంలో ఇంజను గొంతు మారుతుంది, గొట్టాలు ఒక్కసారి ఉలిక్కిపడతాయి, గేజి ముల్లు పైకి పరుగెత్తుతుంది. ఎదురైనంతకే లేస్తావు, అంతకి మించి ఒక్క పిసరు లేవవు. ఊరికే ఉన్నప్పుడు కండలు చూపించే అలవాటు నీకు లేదు. ఎంత బలమో ఒత్తిడి చెబుతుంది, ఎంత వేగమో లీటర్లు చెబుతాయి. ఈ రెండూ కలిపేసుకున్నవాడు బండి నెమ్మదించిందని ఒత్తిడి పెంచుకుంటూ పోతాడు, చివరికి గొట్టం పగలగొట్టుకుంటాడు.

మరి రాయి కదలకపోతే? కదలనిదాన్ని తోస్తూ నువ్వు పెరుగుతూనే పోతే ఏదో ఒకటి పగలాల్సిందే. అందుకని నీకొక విడుపు పెట్టారు, రిలీఫ్ వాల్వు. స్ప్రింగు బిగింపుకి మించి నువ్వు లేస్తే అది తెరుచుకుని నిన్ను తొట్టిలోకి పంపేస్తుంది. కీచుమనే ఆ చప్పుడు తెలిసిన ఆపరేటరు వెంటనే లివరు వదిలి బకెట్టు ఇంకో కోణంలో పెడతాడు. తెలియనివాడు అలాగే పట్టుకుంటాడు. నిమిషానికి 60 లీటర్లు 200 బార్ ఒత్తిడితో ఆ వాల్వులోంచి పోతుంటే 20 కిలోవాట్ల శక్తి ఉత్త వేడిగా మారుతుంది. స్నానాల గదిలో పెట్టే గీజర్లు పది ఒక్కసారి వేసి నిన్ను మరిగించడంతో సమానం. మరిగినకొద్దీ పలచనవుతావు, పలచనైనకొద్దీ సందుల్లోంచి జారిపోతావు.

నీకు పడనివి రెండు, దుమ్మూ గాలీ. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లైతే, వాల్వు లోపల జారే స్పూలు అనే కడ్డీకీ దాని గూటికీ మధ్య సందు అయిదో పదో మైక్రాన్లు. కంటికి ఆనని ఇసుక రేణువు అక్కడ గునపమవుతుంది. ఆటోనగర్లో ఒక మేస్త్రీని చూశాను. తొట్టి మూత తియ్యబోయే ముందు చుట్టూ గుడ్డతో మూడుసార్లు తుడిచాడు. బట్టలన్నీ మసి, చేతులన్నీ మసి, ఆ మూత చుట్టూ మాత్రం అద్దం. గుళ్లో దీపపు కుంది తుడిచే చెయ్యి గుర్తొచ్చింది నాకు.

దుమ్ము నిన్ను అరగదీస్తుంది. గాలి నీ చేత అబద్ధమాడిస్తుంది. కారు బ్రేకులో నీ అక్కచెల్లెలు ఒకతి ఉంది, బ్రేకు ఆయిల్. పెడలు నొక్కగానే నాలుగు చక్రాలకీ ఒకే ఒత్తిడి అందిస్తుంది. పంక్తిలో మొదటి విస్తరికీ చివరి విస్తరికీ ఒకే గరిట వడ్డించినట్టు, ఏ చక్రం దగ్గర, ఏది దూరం అని చూడదు. ఆ గొట్టంలో చిన్న గాలి బుడగ చేరిందా, కాలు నొక్కినదంతా ఆ బుడగని ముడవడానికే సరిపోతుంది. పెడలు స్పాంజిలా దిగుతుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైగా ఆ ఆయిలుకి గాలిలోని తేమని పీల్చే గుణం ఉంది. పాడేరు ఘాటు దిగుతూ బ్రేకు మీద కాలు తియ్యకుండా వస్తే, చక్రాల దగ్గర కాగి, పాతబడ్డ ఆయిల్లోని తేమ ఆవిరై బుడగలు కడుతుంది. గేరు తగ్గించి దిగమని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే. ఆయిలు మార్చి గాలి తీయించుకోవడాన్ని ఖర్చు కింద రాసుకోకండి.

నీ పెద్ద కొలువు చూడాలంటే గోదావరికి వెళ్లాలి. పోలవరం స్పిల్‌వే మీద 48 గేట్లు. ఒక్కొక్కటి 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. ఒక్కో గేటుకి రెండు సిలిండర్లు, మొత్తం 96. 50 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినా వదలగలిగేలా కట్టిన దారి అది. నిండుగా నిలబడ్డ నీళ్లు 20 మీటర్ల లోతున చదరపు సెంటీమీటరు మీద మోపేది 2 కిలోలు. 2 కిలోలే కదా అనిపిస్తుంది. గేటు మొహమంతా కలుపుకుంటే 3,000 టన్నులు దాటుతుంది. ఆ తోపుడంతా గేటు చేతుల మీదుగా కట్టడంలోకి దిగిపోతుంది. నీకు మిగిలేది గేటు ఇనుప బరువూ, రాపిడీ. అదైనా వందల టన్నులు.

గోదావరీ నువ్వూ ఒకే కులం, ఒకే చట్టం. ఆమెకి ఒత్తిడి లోతువల్ల వచ్చింది, నీకు ఉగ్గబట్టినందువల్ల వచ్చింది. ఆమె వందల మైళ్లు నడిచి వచ్చి గేటు ముందు నిలబడితే, మనిషి తొడ కంటే లావైన గొట్టంలో నువ్వు నెమ్మదిగా ఒక పక్క నిండుతావు, ఇంకో పక్క ఖాళీ అవుతావు, గేటు లేస్తుంది. కింద ఎర్రనీళ్లు రంకెవేస్తూ పోతాయి. నీ దగ్గర చప్పుడుండదు. నీళ్లకి దారి ఇచ్చింది నువ్వేనని ఆ గట్టున సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడ్డవాళ్లలో ఎందరికి తెలుసు!

ఇంతగా కొలిచాక నీ కోపం గురించి కూడా చెప్పాలి. పని చేస్తున్న యంత్రపు గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే, అందులోంచి వచ్చేది చూపుకి పొగమంచులా ఉంటుంది. లీకు ఎక్కడా అని దాని మీద చెయ్యి పెట్టి తడిమితే చర్మం చీల్చుకుని కండలోకి ఎక్కేస్తావు. పైకి కనపడేది చీమ కుట్టినంత గాటు, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. లోపల మాత్రం కండ కుళ్లుతుంది, వేళ్లు పోతాయి, ఒక్కోసారి చెయ్యే పోతుంది. లీకు వెతకాల్సింది ఇంజను ఆపి ఒత్తిడి దించాక; తప్పదనుకుంటే అట్టముక్కతో, దూరంనుంచి. గాటు చిన్నదని ఇంటికి పోకూడదు, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవాలి.

కోదాడ రోడ్డు మీద ఆ రాత్రి, లారీ లేచాక, కుర్రాడు వంగి ఇరుసు కిందికి తల పెట్టబోయాడు. డ్రైవరు చేత్తో వాడి చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"దిమ్మ పెట్టరా ముందు."

వాడు రెండు చెక్కదిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఇరుసు కిందికి జరిపాడు. జాకీ మరను అర చుట్టు తిప్పాడు. బరువు నీ మీద నుంచి చెక్క మీదికి దిగింది. అప్పుడు దూరాడు.

లారీల కింద, టిప్పర్ల కింద, లేపిన తొట్టి బాడీల కింద పనిచేసే తమ్ముళ్లారా, ఒక గుండు కింద పొట్టు ఇరుక్కున్నా, ఒక సీలు చిరిగినా నూనె చెప్పకుండా దిగిపోతుంది. లేపడం వరకే దానికి వదలండి. దిమ్మ పెట్టాకే కిందికి దూరండి.